కొవ్వొత్తి మైనం: కరిగించేది ఎట్లా, ఒలికితే తీసేది ఎట్లా

కరెంటు పోయినప్పుడు ఏమీ కాలేదు, వచ్చినప్పుడే అయింది. పండక్కి వచ్చిన మా వదినతో హాల్లో కూర్చుని మాట్లాడుతున్నాను. టీపాయ్ మీద పళ్ళెంలో లావుపాటి కొవ్వొత్తి గంట నుంచి వెలుగుతోంది. కరెంటు రాగానే, స్విచ్ ఆపకుండా వదిలేసిన ఫ్యాన్ గిర్రున తిరిగింది. మంట ఒక పక్కకు వాలింది. నేను కంగారుపడి పళ్ళెం లాగాను. కొవ్వొత్తి నెత్తిన గుంటలో నిండుగా ఉన్న మైనం సగం వదిన కట్టుకున్న ధర్మవరం పట్టుచీర కుచ్చిళ్ళ మీద, సగం కింద కడప బండల మీద పడింది. ఆమె గోటితో గీకబోయింది. నేను తడిగుడ్డ తెచ్చి రుద్దబోయాను. ఇద్దరమూ చేసింది తప్పే.

ఆ రోజు నుంచి ఈ మైనం సంగతి కొంచెం పట్టించుకుని నేర్చుకున్నాను. మిగిలిన ముక్కలు కరిగించి మళ్ళీ కొవ్వొత్తులు కూడా పోస్తున్నాను. కరిగించేది ముందు చెప్తాను, ప్రమాదమంతా అక్కడే ఉంది కాబట్టి. ఒలికింది తీయడం మాత్రమే కావాలంటే కింది సగానికి పోండి.

మైనం అంటే నూనె అనుకోండి

అంగట్లో దొరికే తెల్ల కొవ్వొత్తి చాలావరకు పారఫిన్ మైనం. పెట్రోలు, డీజిలు ఎక్కడి నుంచి వస్తాయో ఇదీ అక్కడి నుంచే, ముడిచమురు నుంచే వస్తుంది. రకాన్ని బట్టి సుమారు 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. తేనెపట్టు మైనం 62, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో మన కడపలో, అనంతపురంలో ఎండ 42 దాటిందంటే గూట్లో నిలబెట్టిన కొవ్వొత్తి నడుం వంచి దణ్ణం పెడుతున్నట్టు ఉంటుంది, చూసే ఉంటారు. అది ఇంకా కరగలేదు, మెత్తబడిందంతే.

కరగడానికి అంత తక్కువ వేడి చాలు కదా, ఇందులో టెన్షన్ ఏముందని అనిపిస్తుంది. ఒక చిన్న పని చేసి చూడండి. వెలుగుతున్న కొవ్వొత్తిని ఊది ఆర్పండి. ఒత్తి నుంచి సన్నగా తెల్లటి పొగ లేస్తుంది. వెంటనే ఒక అగ్గిపుల్ల గీసి, ఒత్తికి తగలకుండా ఒక వేలెడు పైన, ఆ పొగలో పెట్టండి. మంట పొగను పట్టుకుని జర్రున కిందికి దిగి ఒత్తిని అంటుకుంటుంది. గట్టి మైనం ముద్దకు అగ్గిపుల్ల చూపిస్తే ఏమీ కాదు. మండేది మైనం ఆవిరి. గిన్నెలో మైనం సుమారు 200 డిగ్రీలకు చేరిందంటే ఆ ఆవిరి గిన్నె వెడల్పునా లేస్తుంది, కిందనే గ్యాస్ మంట ఉంటుంది.

ఇంకో తిరకాసు ఉంది. పాలైతే పొంగుతాయి, నీళ్ళైతే కళపెళలాడతాయి. మైనం ఏమీ చేయదు. 70 డిగ్రీల దగ్గర ఎట్లా కనిపిస్తుందో 170 దగ్గరా అట్లాగే, తేటగా, కదలకుండా కూర్చుంటుంది. పొగ కనిపించేసరికి ఆలస్యమైపోయినట్టే.

అందుకే మైనం గిన్నెను నేరుగా స్టవ్ మీద ఎప్పుడూ పెట్టకూడదు. నీళ్ళున్న గిన్నెలో పెట్టాలి. నీళ్ళు ఎంత మరిగినా 100 డిగ్రీలు దాటవు, వాటిలో కూర్చున్న మైనమూ దాటదు. నీళ్ళే ఇక్కడ కాపలా. నీళ్ళు ఇగిరిపోతే కాపలా లేచిపోయినట్టు, అప్పుడు అది మామూలుగా స్టవ్ మీద పెట్టిన గిన్నే.

ముక్కలు ఏరుకోవడం

మా ఎదురింటి అక్క వాళ్ళ చర్చిలో క్రిస్మస్‌కూ, డిసెంబరు 31 రాత్రి ప్రార్థనకూ వెలిగించగా మిగిలిన ముక్కలన్నీ ఒక సంచిలో వేసి తెచ్చిస్తుంది. మొదటిసారి తెచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి, "ఏం మే, పారేసేటివి నీకిస్తే మళ్ళా కొవ్వొత్తులు పోస్తావంట కదా" అని నవ్వింది. ఇప్పుడు పోసినవాటిలో నాలుగు ఆమెకే పోతాయి.

ముక్కలను రంగుల వారీగా వేరు చేసుకోండి. తెల్లవి ఒక పక్క, ఎరుపువి ఒక పక్క. అన్నీ కలిపి కరిగిస్తే పేడ రంగు వస్తుంది. అగ్గిపుల్లలు, కాలిన ఒత్తి, అడుగున ఉండే రేకు బిళ్ళ చేతికి వచ్చినంతవరకు పీకేయండి. రానివి కరిగాక తీయవచ్చు. తడి మాత్రం ఉండకూడదు. ముక్కలు కడిగితే గుడ్డతో తుడిచి నీడన ఒక పూట ఆరబెట్టండి. వేడి మైనంలో నీటి బొట్టు పడితే పోపులో తడి కరివేపాకు వేసినట్టే, చిటపటమని ముఖం మీదికి వస్తుంది. ఆరుతాయి కదా అని మిద్దె మీద ఎండలో పెట్టారంటే, మన ఊళ్ళ ఎండకు ఆరడం కాదు, బండకు అతుక్కుని కూర్చుంటాయి. అదీ నేను చేసిన పనే.

ఒకసారికి అరకిలోకు మించి కరిగించవద్దు. ఎక్కువుంటే రెండు విడతలు చేయండి.

కరిగించడం

ఒక వెడల్పు దబర, అందులో పట్టే ఒక పాత స్టీలు చెంబు కావాలి. చెంబు మళ్ళీ వంటకు పనికిరాదు, మైనానికే ఉంచేయాలి. పాలపొడి డబ్బాలు వాడేవాళ్ళున్నారు, కానీ వాటి అతుకుల దగ్గర కారే అవకాశం ఉంది, పట్టుకోవడానికీ వీలుండదు. దబర అడుగున ఒక స్టీలు మూత బోర్లించి, దాని మీద చెంబు పెట్టండి. అట్లా పెడితే చెంబు అడుగుకు మంట వేడి నేరుగా తగలదు. చెంబు సగం ఎత్తు వరకు నీళ్ళు చాలు. అంతకన్నా పోస్తే మరిగేటప్పుడు ఎగిరి మైనంలో పడతాయి, లేదా చెంబే తేలి పక్కకు ఒరుగుతుంది.

స్టవ్ వెలిగించే ముందు మూడు వస్తువులు చేతికి అందేచోట ఉండాలి: చెంబును పూర్తిగా మూసే మూత ఒకటి, పట్టకారు, పొడి మసిగుడ్డ. కిటికీ తెరిచి ఉంచండి. చున్నీ, కొంగు బిగించి దోపుకోండి. చిన్నపిల్లలుంటే ఈ పని వాళ్ళు బడికి పోయాక పెట్టుకోవడం మేలు. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది కాబట్టి వాళ్ళు వేలు పెట్టకుండా ఉండరు.

మంట సన్నగా పెట్టండి. ముక్కలు చిన్నవైతే పదిహేను, ఇరవై నిమిషాల్లో కరుగుతాయి. తొందర ఎక్కువగా ఉన్నవాళ్ళు ముక్కలను ముందే చిన్నగా విరుచుకోవాలి, మంట పెంచకూడదు. మధ్య మధ్య నీళ్ళు చూసుకోండి. తగ్గితే వేడినీళ్ళే కలపండి, చెంబు అంచుకు దూరంగా, దబర పక్క నుంచి. ఈ అరగంట వంటింట్లోనే ఉండండి. ఫోన్ మోగితే స్టవ్ కట్టేసి మాట్లాడండి. గట్టిపడితే మళ్ళీ కరిగించుకోవచ్చు, మైనానికి అదొక సుగుణం.

అంతా కరిగాక స్టవ్ కట్టేసి, ఒక పుల్లతో తేలిన ఒత్తులు తీసేయండి. బూడిద, రేకు బిళ్ళలు అడుగుకు దిగుతాయి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, పైన తేటను మాత్రం వంచుకుంటే వడపోత కూడా అక్కర్లేదు. చెంబు బయట తడిగా ఉంటుంది, ఎత్తగానే మసిగుడ్డతో తుడవండి. లేకపోతే పోసేటప్పుడు ఆ బొట్లు జారి మైనంలో పడతాయి.

ఒత్తి, పోత

ఒత్తికి పూలు కట్టే నూలు దారం మూడు పేటలు జడలా అల్లితే సరిపోతుంది. నైలాన్ కలిసిన దారం వద్దు, అది కాలదు, కరిగి ముద్దవుతుంది. దారం నూలుదో కాదో తెలియకపోతే కొస కాల్చి చూడండి. నూలైతే బూడిద రాలుతుంది, నైలానైతే గట్టి పూసలా అవుతుంది. దీపానికి వాడే దూది ఒత్తి కొవ్వొత్తికి మరీ లావు, మసి కొడుతుంది. అల్లిన దారాన్ని కరిగిన మైనంలో ఒకసారి ముంచి, లాగి పట్టుకుంటే నిమిషంలో పుల్లలా నిలబడుతుంది.

పోయడానికి చిన్న స్టీలు గ్లాసులు, పిడి విరిగిన పింగాణీ కప్పులు బాగుంటాయి. గాజు గ్లాసైతే ముందు గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, తుడిచి, అప్పుడు పోయండి. చల్లటి గాజులో ఒక్కసారిగా వేడి పడితే టప్పుమని పగులుతుంది. మట్టి ప్రమిద కొంత మైనం పీల్చుకుంటుంది, దాని కింద పళ్ళెం ఉండాలి. ఒత్తిని ఒక పెన్సిలుకు చుట్టి గ్లాసు అంచుల మీద అడ్డంగా పెడితే నిట్టనిలువుగా నిలబడుతుంది. గట్టిపడేటప్పుడు మైనం కుంచించుకుంటుంది కాబట్టి ఒత్తి చుట్టూ గుంట పడుతుంది. కొంచెం మైనం ముందే మిగుల్చుకుని గంట తర్వాత ఆ గుంటలో పోయండి. ఫ్రిజ్‌లో పెట్టి తొందరపెడితే పగుళ్ళు వస్తాయి.

అగ్గి అంటుకుంటే

నీళ్ళు పోయకూడదు. మైనం నీళ్ళకన్నా తేలిక. పోసిన నీళ్ళు మైనం అడుగుకు దిగి, అక్కడి వేడికి ఒక్క క్షణంలో ఆవిరవుతాయి. ఆవిరైన నీరు సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. అది పైనున్న మండే మైనాన్నంతా ఎగజిమ్ముతుంది. చెంబులో ఉన్న మంట పైకప్పుకు లేస్తుంది.

చేయి మంట మీదుగా పోకుండా అందితే స్టవ్ కట్టేయండి. మూతను చెంబు పక్క నుంచి జరుపుతూ కప్పేయండి, పైనుంచి వేయవద్దు. గాలి ఆడకపోతే మంట చచ్చిపోతుంది. ఆరింది కదా అని వెంటనే మూత తీయకండి. లోపల వేడి అట్లాగే ఉంటుంది, గాలి తగిలితే మళ్ళీ అంటుకుంటుంది. పూర్తిగా చల్లారేదాకా వదిలేయండి. మండే గిన్నె ఎత్తుకుని బయటికి పరుగెత్తడం అన్నిటికన్నా ప్రమాదం. మూతతో ఆగకపోతే ఇంట్లోవాళ్ళను తీసుకుని బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి.

చేతి మీద వేడి మైనం పడితే వెంటనే కుళాయి కింద పెట్టండి, ఇరవై నిమిషాలు. ఐస్ వద్దు, టూత్‌పేస్టు వద్దు, కాఫీపొడి వద్దు. గట్టిపడిన మైనం దానంతట అది ఊడి వస్తే తీయండి, చర్మానికి పట్టుకుని ఉంటే లాగకండి. బొబ్బ పెద్దదైనా, ముఖం మీద పడినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

బండల మీద ఒలికితే

ఇప్పుడు ఒలికిన సంగతి. మొదటి పని ఏమీ చేయకపోవడం. వేడిగా ఉన్నప్పుడు తుడిస్తే అరచేయంత మరక చాపంత అవుతుంది. నేను తడిగుడ్డతో సాధించింది అదే. గట్టిపడనివ్వండి. తొందరైతే ఒక ప్లాస్టిక్ కవర్లో ఐస్ ముక్కలు వేసి మైనం మీద ఐదు నిమిషాలు పెట్టండి. బాగా చల్లబడితే మైనం పెళుసవుతుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో ఒక పక్క నుంచి తోస్తే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. కత్తి పెడితే పాలిష్ మీద గీతలు పడతాయి.

తర్వాత మసకగా ఒక పొర మిగులుతుంది. వెలుతురుకు ఏటవాలుగా వంగి చూస్తేనే కనిపిస్తుంది. వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను దాని మీద ఒక నిమిషం పరిచి, తీసిన వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తుడవండి. రెండు మూడుసార్లకు పోతుంది. హెయిర్ డ్రయ్యర్ ఉంటే ఇంకా సులువు, వేడి చేస్తూ టిష్యూ కాగితంతో అద్దుకోవడమే. చివర గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, మామూలు నీళ్ళు.

మన సీమ ఇళ్ళలో ఒక జాగ్రత్త తప్పనిసరి. మరక అనగానే నిమ్మచెక్క, వెనిగర్, చింతపండు గుర్తొస్తాయి, మరీ మొండిదైతే బాత్‌రూం యాసిడ్. నల్లటి కడప బండలు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లో తీసేవి, సున్నపురాయి. బేతంచెర్ల బండలూ, తాడిపత్రిలో పాలిష్ పట్టే బండలూ ఆ జాతివే. పులుపు ఏదైనా సున్నపురాయిని తినేస్తుంది. మైనం పోతుందో లేదో కానీ పాలిష్ పోయి తెల్లటి మచ్చ నిలిచిపోతుంది. పైగా మైనం పులుపుకు కరిగే వస్తువే కాదు. నమ్మకం కుదరకపోతే పెరట్లో పడి ఉన్న బండ పెంకు మీద ఒక నిమ్మచుక్క వేసి అరగంట తర్వాత చూసుకోండి. కిరసనాయిలు కూడా వద్దు. మైనాన్ని కరిగిస్తుంది నిజమే, వాసనా జిడ్డూ రాయిలోకి దిగుతాయి, అగ్గి భయం అదనం.

పాలిష్ లేని గరుకు బండలైతే సందుల్లో కొంత ఉండిపోతుంది. డ్రయ్యరూ టిష్యూతో ఓపికగా లాగాలి, వేరే దారి లేదు.

బట్టల మీద

నూలు బట్టైతే భయం లేదు. గట్టిపడ్డాక పైపెచ్చులు తీసేసి, మరక కింద ఒక తెల్లకాగితం, పైన ఒక తెల్లకాగితం పెట్టండి. న్యూస్‌పేపర్ పెట్టకండి, మైనం పోయి సిరా వస్తుంది. ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, కాగితం మీద మెల్లగా ఆనించండి. పెట్టెను ఎత్తి చూస్తే కాగితం మీద నూనె పడ్డ పొట్లంలా ఒక పారదర్శకమైన మచ్చ కనిపిస్తుంది. బట్టలో ఉన్న మైనం కాగితంలోకి వచ్చిందన్నమాట. కాగితాన్ని జరిపి పొడి భాగం పెట్టి మళ్ళీ ఆనించండి. మచ్చ పడటం ఆగిపోయేదాకా ఇదే పని. తర్వాత సబ్బుతో వేడినీళ్ళలో ఉతకండి. ఆ కాగితాలు పారేయకండి, నీళ్ళ పొయ్యి రాజేయడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

రంగు కొవ్వొత్తైతే మైనం పోయినా రంగు మిగులుతుంది. సర్జికల్ స్పిరిట్ దూదితో అద్దితే చాలావరకు దిగుతుంది. ముందు బట్ట అంచు లోపల అద్ది చూసుకోండి. స్పిరిట్ సీసా, ఇస్త్రీ పెట్టె ఒకచోట ఉండకూడదు.

పట్టుచీరకు ఇంట్లో చేసేది ఒక్కటే: ఐస్ కవరు. అది కూడా పొడి గుడ్డలో చుట్టి పెట్టాలి, పట్టు మీద నీటి మరక ఇంకో తలనొప్పి. గట్టిపడ్డాక బట్టను వెనక నుంచి వేలితో మెల్లగా ఎగదోస్తే పెచ్చు ఊడుతుంది. జరీ దగ్గర వంచకండి, గీకకండి. మిగిలిన మరకను డ్రై క్లీనింగ్ వాళ్ళకు చూపించి, అది మైనం అని నోటితో చెప్పండి. చెప్పకపోతే నూనె మరక అనుకుని వాళ్ళ పద్ధతి వాళ్ళు చేస్తారు. మా వదిన చీర అట్లాగే బాగుపడింది. ఒక్క కుచ్చిలి మీద నీడలా ఉంది, అది లోపలికి మడిచి కడుతుంది. ఇప్పటికీ కట్టిన ప్రతిసారీ నా వైపు ఒకసారి చూస్తుంది.

కుందులు, గ్లాసులు, సింకు

ఇత్తడి కుందులకు, గ్లాసులకు అంటుకున్న మైనానికి సులువైన దారి ఒక బకెట్టులో బాగా వేడినీళ్ళు. వస్తువును అందులో మునిగేలా పెట్టి వదిలేయండి. మైనం కరిగి పైకి తేలుతుంది. నీళ్ళు చల్లారాక పాల మీద మీగడ కట్టినట్టు తెల్లటి బిళ్ళ కడుతుంది. రెండు చేతులా ఎత్తి, ఆరబెట్టి, ముక్కల సంచిలో వేసుకోండి. మిగిలిన నీళ్ళను మట్టిలో పారబోయండి. మైనం కరిగించిన చెంబైతే గోరువెచ్చగా ఉండగానే కాగితంతో లోపల తుడిచేస్తే కడగాల్సిన పనే లేదు.

సింకులో మాత్రం ఒక్క చుక్క కూడా పోయవద్దు. నేను మొదటిసారి చెంబు కడిగినప్పుడు, వేడినీళ్ళతో పాటు పోతుందిలే అనుకుని వంచేశాను. వేడినీళ్ళతో పాటే పోయింది, నీళ్ళు చల్లబడేదాకా. మర్నాడు పొద్దున సింకు నిండా నీళ్ళు. ఇంకా వేడినీళ్ళు పోశాను, అది ఇంకొంచెం లోపలికి పోయి గట్టిపడింది. సలసల మరిగే నీళ్ళకు ప్లాస్టిక్ పైపు కూడా మెత్తబడుతుందని అప్పుడు తెలియదు. చివరికి ప్లంబర్ వచ్చి, సింకు కింద వంపు తిరిగిన పైపు విప్పి, లోపలికి పుల్ల పెట్టి తోశాడు. పైపు ఎట్లా వంగిందో అచ్చం అట్లాగే వంగిన తెల్లటి ముద్ద, వంకర ముల్లంగిలా, జారి బయటికొచ్చింది.

"ఇదేందక్కా, కొవ్వొత్తి పోసినారా లోపల?" అన్నాడు.

అవునని చెప్పడానికి సిగ్గేసింది. నాలుగు వందలు తీసుకుని, ముద్దను నా చేతిలో పెట్టి పోయాడు. దాన్ని మాత్రం మళ్ళీ కరిగించలేదు.